కాగితము మీది రోగము

మన పట్టణములలో ఇటీవల నొక క్రొత్త ఆచారము నెలకొన్నది. జ్వరము లేదు, నొప్పి లేదు, వైద్యుని చూచినది లేదు. ఐనను గృహస్థుడు పరగడుపున కూర్చుండి, ఇంటికి వచ్చిన కుర్రవానికి చేయి చాచి, మూడు గొట్టముల నెత్తురిచ్చి, సాయంకాలమునకు చేతిఫోనులో పదునైదు పుటల నివేదికను పొందుచున్నాడు. అందు డెబ్బదియో ఎనుబదియో అంకెలుండును. కొన్నిటి ప్రక్కన ఎర్రని గుర్తులుండును. "విటమిన్ డి: లోపము. బి12: సరిహద్దు." ఉదయమున ఆరోగ్యవంతుడై లేచిన మనుష్యుడు రాత్రి భోజనమునకు రోగియై కూర్చుండును; మరునాడు తెల్లవారగనే మందులషాపు మెట్లెక్కును.

ఇది పరిహాసమునకై వ్రాసినది కాదు. రక్తపరీక్ష మానవబుద్ధి సాధించిన గొప్ప ఫలములలో నొకటి. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. మేము చెప్పదలచిన దొక్కటే. రక్తపరీక్ష వైద్యుడు వేసిన ప్రశ్నకు సమాధానముగా నుండవలెను గాని అంగడిలో దొరకు మూటగా నుండరాదు. మూటగా అమ్ముడుపోవుటవలన కలిగినవాని ధనమును, నెమ్మదియు పోవుచున్నవి. అదియంతయు నట్లుండనిండు. అంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. నిజముగా లోపముచేత నరములు చెడిపోవుచున్న పేదవానికిని, వృద్ధునకును కావలసిన ఒక్క పరీక్ష వాని దరికి చేరుటలేదు.

విటమిను లోపములు ఆంధ్రదేశమునకు క్రొత్తవి కావు. ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండుటను గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు రచించిన గ్రంథము 1835లో మద్రాసునందు ప్రకటింపబడినది. నాటికి విటమిను అను మాటయే పుట్టలేదు. అది 1912లో వచ్చినది. కాళ్ళు తిమ్మిరెక్కుట, పాదములు వాచుట, నడక తూలుట, గుండె దడదడలాడుట, వీనిని కంటితో చూచి, చేతితో తాకి, రోగి మాట విని ఆ వైద్యులు వ్యాధిని గుర్తించిరి. తరువాత 1918లో కూనూరునందలి పాస్టరు సంస్థలో నొక్క గదిలో మెకారిసన్ బెరిబెరి విచారణశాఖను స్థాపించెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. భారతదేశమున పోషకాహారశాస్త్రము తెలుగువాని కాలి తిమ్మిరినుండియే పుట్టినదని యెవరైన ననినచో అందు కొంత అతిశయోక్తి యుండును గాని వట్టి అబద్ధ ముండదు.

ఆ సంస్థవారే జొన్నకూడు తిను పేదలలో కనబడు పెల్లాగ్రా వ్యాధిని పరిశోధించి, 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యలు తమ సిద్ధాంతమును లోకమునకు వెల్లడించిరి. జొన్నలోని ల్యూసిన్ అను పదార్థమే దానికి మూలమన్న వారి వాదమును పిమ్మట కొందరు శాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. అది వేరు సంగతి. పెల్లాగ్రాను గుర్తుపట్టుటకు నేటికిని వైద్యుడు ముందుగా చూచునది ఎండ తగులు తావులయందు నల్లబారి పొలుసులు లేచిన చర్మమునే. నెత్తుటి గొట్టమును కాదు.

ఇక నెత్తుటిలోని యంకె యేమి చెప్పును? ఇందు చదువరులు గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. నెత్తురు బండిబాట; గాదె కాదు. బాటమీద నేడెన్ని బస్తాలు పోయెనో లెక్కించినంతమాత్రమున గాదెలో నెంత ధాన్యమున్నదో తెలియదు. విటమిన్ ఏ సంగతి చూడుడు. దాని గాదె కాలేయము. గాదె ఇంచుమించు ఖాళీ యగువరకు కాలేయము నెత్తుటిలోని పాళ్ళను సమముగా నిలుపుచునే యుండును. అంతియకాక, దేహమున నేదేని అంటురోగమున్నచో ఆ యంకె దానంతట నదియే తగ్గును. లోపము లేకున్నను లోపమువలె కనబడును. విటమిన్ సి, ఫోలిక్ ఆమ్లము, వీని రక్తద్రవపు అంకెలు నిన్నమొన్నటి భోజనమును చెప్పునే గాని గడచిన ఆరుమాసముల బ్రతుకును చెప్పవు. ఫోలిక్ ఆమ్లమునకైనచో ఎర్రకణములలోని పాళ్ళను కొలిచిన కొంత నమ్మదగిన సాక్ష్యము దొరకును.

ఇంకను తెలివైన మార్గ మొకటి కలదు. బాటను కొలువక, ఆకలిగా నున్నావా యని కణమునే యడుగుట. ఎర్రకణములో ఒక ఎన్‌జైము పనిచేయుటకు రిబోఫ్లావిన్, అనగా బి2, కావలెను. గాజుగొట్టములో ఆ కణమునకు బి2 నుండి తయారగు పదార్థమును అదనముగా నిచ్చి చూచెదరు. ఎన్‌జైము పని హఠాత్తుగా పెరిగినచో కణ మాకలిగొని యున్నదని యర్థము. పెరుగకున్నచో దానికి చాలినంత ముందే యున్నదని యర్థము. హైదరాబాదు సంస్థయందు మహతాబ్ బాంజీ 1969లో ఈ పద్ధతిని గూర్చి ప్రకటించిన వ్యాసము శాస్త్రలోకమున పేరెన్నిక గన్నది. బి1కును ఇట్టి పరీక్షయే కలదు. కాని మద్యపానముచేత చిక్కి, కన్నులు తిరుగుడుపడి, తూలుచు వచ్చిన రోగియెడ బి1 పరీక్షాఫలము వచ్చువరకు కాచుకొని కూర్చున్న వైద్యుడు వైద్యుడే కాడు. ముందు సూది వేయవలెను. పరీక్షకంటె పరీక్షించువాని కన్ను ముఖ్యమగు ఘట్టములు వైద్యమున నిట్టివి కొన్ని కలవు.

ఇప్పుడు బి12 కడకు వత్తము. మా వ్యాసమునకు ప్రాణ మిదియే. ఈ విటమిను చెట్టుచేమల ఆహారములలో లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము, ఇవియే దానికి నెలవులు. కాలేయమున సంవత్సరములకు సరిపడు నిలువ యుండును గనుక లోపము దొంగవలె మెల్లగా వచ్చును. తిన్నంతమాత్రమున నది ఒంటబట్టదు. కడుపులోని ఆమ్లము, కడుపుగోడ స్రవించు నొక ప్రత్యేక మాంసకృత్తు, చిన్నప్రేగు కడపటి భాగము, ఈ మూడును సరిగా నున్నప్పుడే ఒంటబట్టును. కావున శుద్ధ శాకాహారులకు, అందు పాలుపెరుగులు కొనలేని పేదలకు, వార్ధక్యమున కడుపుపొర క్షీణించినవారికి, గుండెమంటకని ప్యాంటోప్రజోల్ వంటి మాత్రలను ఏండ్లతరబడి మ్రింగువారికి, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడువారికి ఇది కొరతపడుట కవకాశ మెక్కువ. మెట్‌ఫార్మిన్ వలన బి12 తగ్గుట సామాన్యమేయనియు, అపాయ మెక్కువగా గలవారిని పరీక్షించుచుండవలెననియు బ్రిటిష్ ఔషధ నియంత్రణాధికారులు 2022లో వైద్యులకు తెలియజేసిరి.

మన వీధులలో మధుమేహము లేని ఇల్లేది? మెట్‌ఫార్మిన్ లేని మందులడబ్బా యేది? పది సంవత్సరములుగా దానిని మ్రింగుచున్న వృద్ధుడు "అయ్యా, పాదములు తిమ్మిరెక్కుచున్నవి, చెప్పు జారిపోయినను తెలియుటలేదు" అనినచో, "షుగరు నరములండీ, అంతే" యని యందరును చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని బి12 లోపమునను పాదము లట్లే తిమ్మిరెక్కును. నడక యట్లే తడబడును. చీకటిలో నిలుచుండిన మనిషి యట్లే తూలును. మతిమరుపు వచ్చినచో వయస్సని త్రోసివేయుదురు. మధుమేహపు నరములకు మనము చేయగలది స్వల్పము. బి12 లోపపు నరములకు చేయగలది బహుళము. ఐతే సకాలమున చేయవలెను. ఆలస్యమైనచో వెన్నుపామునకు కలిగిన చెరుపు మరల బాగుపడక నిలిచిపోవచ్చును. చవుక సూదులతో నివారింపదగిన అవిటితనమును వయస్సు ఖాతాలో వ్రాసివేయుట యెంత యన్యాయము!

"రక్తహీనత లేదు గదా, బి12 లోప మెట్లుండును?" అని కొందరు వైద్యులే యనుచుందురు. 1988లో అమెరికాలో ప్రకటింపబడిన ప్రసిద్ధ పరిశీలన యొకటి కలదు. బి12 లోపముచే నరములకో మనస్సుకో వికారము కలిగిన 141 మందిలో 19 మందికి రక్తపు పాళ్ళును, కణముల పరిమాణమును రెండును సక్రమముగానే యుండెను. మన దేశమున నింకొక చిక్కు కలదు. బి12 లోపము కణములను పెద్దవి చేయును. ఇనుము లోపము చిన్నవి చేయును. రెండు లోపములు నొక్క శరీరముననే యున్న స్త్రీలు మనలో కొల్లలు. యంత్రము పెద్దవానిని చిన్నవానిని కలిపి సగటు తీసి "సాధారణము" అని అచ్చువేసి యిచ్చును. సూక్ష్మదర్శినిక్రింద గాజుపలకను కంటితో చూచువాడే ఆ మోసమును పట్టగలడు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరిచ్చట స్మరింపక తీరదు. భీమవరమున 1895లో జన్మించిన యీ తెలుగు బిడ్డ అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడైయుండగా 1945లో అచ్చటివారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. అంతకు పూర్వము లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి మిల్లుకూలీ గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారమునిచ్చి నయముచేసి 1931లో ఆ వార్తను ప్రకటించెను. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లముదే. బొంబాయి కూలీస్త్రీ నెత్తుటి ప్రశ్నకు భీమవరపు బిడ్డ నడపిన శాల సమాధానమిచ్చెను. ఐతే యీ దివ్యౌషధముననే నొక ప్రమాదము దాగియున్నది. బి12 కొరతపడినవానికి ఫోలిక్ ఆమ్లము నొక్కదానినే యిచ్చినచో రక్తహీనత తగ్గును, ముఖము కళకట్టును. లోపల నరముల నాశము మాత్రము సాగుచునే యుండును. కావుననే రెండింటిని విచారింపక ఒకదానినే గుప్పుట తగదని పెద్దలందురు.

పరీక్షయు దోషరహితము కాదు. నెత్తుటిలో కొలువబడు బి12లో ఇంచుమించు నాలుగవవంతు మాత్రమే కణములకు పనికివచ్చు రూపమున నుండును. తక్కినది తిరుగుచున్న సరకే గాని అమ్మకమునకు రానిది. అందుచే 2024లో వెలువడిన బ్రిటిష్ జాతీయ మార్గదర్శకము లీటరునకు 180 నానోగ్రాములలోపు లోపమనియు, 350 దాటినచో లోపముండుట అరుదనియు, నడుమ నున్నది సందేహమనియు చెప్పి, సందేహమున్నచోట మిథైల్ మలోనిక్ ఆమ్లము వంటి రెండవ సాక్షిని పిలువవచ్చుననినది. మన నివేదికలలో ఇదే యంకెను మిల్లీలీటరునకు పికోగ్రాములుగా వ్రాయుదురు; విలువ యొక్కటే. కడుపుపొరమీద దేహమే తిరుగుబాటు చేయు జబ్బులో, పరీక్షాద్రవ్యములు మోసపోయి నిజమైన లోపమున్నను సరియైన యంకె చూపిన సందర్భములును కలవు. కేశవృద్ధికని మ్రింగు బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షలను తారుమారు చేయునని అమెరికా అధికారులు 2017లో హెచ్చరించిరి. వీనికంటె మనయూళ్ళలో సర్వసామాన్యమైన తప్పు వేరు. నీరసమనగానే ఎర్రని బలపుసూది పొడిపించుకొని, వారము గడచిన పిమ్మట పరీక్షకు పోవుట! అప్పుడు అంకె ఆకాశమంటును. రోగ మెచ్చటిదచ్చటనే యుండును. నెత్తురు ముందు తీయవలెను, సూది తరువాత వేయవలెను. ఇంత చిన్న సంగతి చెప్పువారు లేక ఎందరి రోగనిర్ణయము మట్టిపాలగుచున్నదో!

విటమిన్ డి కథ దీనికి సరిగా తలక్రిందులు. అచ్చట కావలసినవారికి పరీక్ష లేదు. ఇచ్చట అక్కరలేనివారికి మితిమీరి కలదు. నివేదికలన్నియు మిల్లీలీటరునకు 20 నానోగ్రాములకు తక్కువైన లోపమనియు, 30కి తక్కువైన కొరతయనియు అచ్చువేయుచున్నవి. ఈ గీతలు గీచినదెవరు? అమెరికా వైద్యవిద్వత్సంస్థ 2010లో విచారించి, 20 అంకె నూటికి 97 మందికి పైగా ప్రజల యవసరమును తీర్చునని చెప్పెను. అనగా 20కి దిగువనున్నవారిలోను అనేకులకు చాలినంతయే యున్నదన్నమాట. దానినే అందరును దాటి తీరవలసిన గోడగా చదువుట పొరపాటని ఆ విచారణలో పాల్గొన్న పండితులే 2016లో మొరపెట్టిరి. 30 అను గీతను 2011లో గీచిన అంతఃస్రావశాస్త్ర సంఘము 2024లో దానిని తానే విడిచిపెట్టి, ఆరోగ్యవంతులైన పెద్దలకు ఈ పరీక్షను మామూలుగా చేయవలదని చెప్పినది. గీత గీచినవారు చెరిపివేసిరి. మన అచ్చు నివేదికలు మాత్రము ఆ గీతను విడువక పట్టుకొనియున్నవి!

పోనిండు, మాత్రలు వేసుకొన్న నష్టమేమి యందురా? 25,871 మంది అమెరికా పెద్దలకు దినమునకు 2000 యూనిట్ల వంతున ఇచ్చి ఐదేండ్లకు పైగా చూచిన మహాపరిశోధనలో పుట్టకురుపు గాని గుండెజబ్బు గాని తగ్గలేదని 2018లోను, ఎముకలు విరుగుట తగ్గలేదని 2022లోను తేలినది. వారానికొకటి వేసుకొనవలసిన 60,000 యూనిట్ల పొట్లమును దినమున కొకటి మ్రింగి, రక్తమున సున్నము హెచ్చి, మూత్రపిండములు చెడి ఆసుపత్రి పాలగువారున్నారు. ఎముకలు నొచ్చి, బాతువలె నడచుచు, కూర్చుండి లేవలేని స్త్రీకి ఇదే పరీక్ష సంజీవి. అట్టి యామెకు డి తోబాటు సున్నము, ఆల్కలైన్ ఫాస్ఫటేజు, పారాథైరాయిడు స్రావము కూడ చూచి నిర్ణయింపవలెను. ఆమెకు తప్పక చేయుడు. మా యభ్యంతర మామెపట్ల కాదు.

సూర్యుడు నిప్పులుచెరుగు దేశమున ఈ లోపమేమని యాశ్చర్యపడువారు తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనను చూడవలెను. ఆరోగ్యముగా నున్న మన దక్షిణాదివారిలోనే, ఎండలో పనిచేయు పల్లెవారిలోను డి అంకె తక్కువగా నుండుట, ఆహారమున సున్నము మిక్కిలి స్వల్పముగా నుండుట వారు కనుగొనిరి. సున్నము చాలనప్పుడు దేహము డి విటమినును వేగముగా ఖర్చుచేయును. అట్లయినచో ఇచ్చట మొదటి చికిత్స పొట్లమా, లేక మజ్జిగయు రాగి సంకటియునా? ఈ ప్రశ్నకు మన దేహములమీద, మన పొలములలో, మన సంస్థలే సమాధానము వెదకవలెను. చర్మమున డి విటమిను బాగుగా తయారగు వేళ తిరుపతిలో పగలు 11 గంటలనుండి 2 గంటలవరకని అచ్చటి పరిశోధకులే 2013లో తెలిపిరి. ఉదయపు లేతయెండ సలహా యెచ్చటనుండి వచ్చినదో గాని యీ విషయమున అది చాలదు.

ఒకేసారి అనేక పరీక్షలు చేయించు మూటల లెక్క యొకటి వినుడు. సామాన్యముగా ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది యంకెలు పడు హద్దునే సరియైన హద్దుగా పెట్టుదురు. అనగా ప్రతి పరీక్షలోను ఆరోగ్యవంతులలోనే నూటికి ఐదుగురు బయటపడుదురు. ఒకదానితో నొకటి సంబంధము లేని 20 పరీక్షలు చేసినచో ఏ రోగమును లేనివానికి సైతము కనీస మొక్కటియైన ఎర్రగుర్తు వచ్చు అవకాశము నూటికి 64 పాళ్ళు! రోగము కనుగొనబడుట కాదిది, ఉత్పత్తి చేయబడుట.

న్యాయస్థానమున దస్తావేజు తనంతట తాను మాటలాడదు. దానిని రుజువుపరచు సాక్షి రావలెను, ఎదురుప్రశ్న జరుగవలెను. పరీక్షా నివేదిక దస్తావేజు వంటిది. దానిని తీర్పుగా అచ్చువేసి గృహస్థుని చేతికిచ్చుట తగదు. "లోపము" అను మాటకు బదులు అంకెను, కొలిచిన పద్ధతిని, ఆ హద్దు ఎవరు పెట్టినదో దానిని మాత్రము వ్రాసిన చాలును. పరీక్షలకు పంపినందుకు కమీషను పుచ్చుకొనుట వైద్యుల నడవడి గూర్చిన 2002 నాటి నిబంధనలలో స్పష్టముగా నిషేధింపబడియున్నది. ఫిర్యాదు చేయువారు లేక ఆ నిబంధన కాగితముననే యున్నది. ప్రజాసంఘములు పూనుకొన్నచో దానికి ప్రాణము రాకపోదు.

ప్రభుత్వములయెడ మా కోరిక యింకొకటి. ఉచిత పరీక్షల పథకము జాతీయారోగ్య కార్యక్రమమున 2015లోనే వచ్చినది. అవసర పరీక్షల పట్టికను భారత వైద్యపరిశోధన మండలి 2019లో ప్రకటించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో మధుమేహ రోగులకు నెలనెలా మాత్రల పొట్లము లిచ్చుచున్నారు. ఆ వరుసలో నిలుచున్న వృద్ధుని చెప్పులు విడువుమని, పాదముల స్పర్శను చూచి, మెట్‌ఫార్మిన్ ఎన్నేండ్లుగా వాడుచున్నాడో యడిగి వ్రాసికొనుటకు నర్సమ్మగారికి రెండు నిముషములు చాలును. అనుమానము కలిగినవారికి మాత్రమే బి12 పరీక్ష. లోపము తేలినవారికి అచ్చటనే సూది. ఏ జిల్లా ఆరోగ్య సంఘమైన ముందుగా ఒక్క కేంద్రమున ఆరు మాసములు దీనిని జరిపి, ఎందరి పాదములు చూచిరో, ఎందరికి లోపము తేలెనో, ఎందరు కోలుకొనిరో ఆ లెక్కలను బహిరంగముగా ప్రకటించినచో మా పత్రిక వానిని సంతోషముతో అచ్చువేయగలదు.